ఉఖు అన్న మాటకు అర్థం

జూన్ 3, సోమవారం

పక్క నగరం మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది ఎవరో పరిశోధకురాలు. చేతిరాత ముత్యాల్లా ఉంది. మా దగ్గరున్న 214వ మట్టిపలకను అతుకు దగ్గర, పక్కనుంచి ఫొటో తీసి పంపగలరా అని అడిగింది. ఎదురుగా తీసినవి పుస్తకాల నిండా ఉన్నాయట, పక్కనుంచి తీసింది ఒక్కటీ కనబడలేదట.

కెమెరా మరమ్మతులో ఉందని జవాబు రాశాను.

కెమెరా నా బల్ల మీదే ఉంది. ఎందుకలా రాశానో తెలియదు. ఎండలు మండిపోతున్నాయి, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు.

జూన్ 4

మబ్బు పట్టింది. 88వ పలక మూల ఊడితే అతికించాను. అన్నం సయించలేదు.

జూన్ 7, శుక్రవారం

బడిపిల్లలు వచ్చారు. పై హాల్లో గైడు ఎప్పటిలాగే గోడ మీది రాత చదివించింది. నలభై గొంతులు ఒక్కసారి అరిస్తే కింద నా గదిలో కిటికీ అద్దాలు అదిరాయి.

"దేవుడు మనిషి నోరు తెరిచాడు. మాట బయటికి వచ్చింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు."

214వ పలక అదే. కొండల్లో దొరికిన పలకలు కాబట్టి మేం ఆ భాషను కొండ భాష అంటాం. మాట్లాడినవాళ్లు పోయి మూడు వేల ఏళ్లు దాటింది. మాట ఎలా పుట్టిందో ఆ మనుషులు స్వయంగా చెప్పుకున్న కథ అది ఒక్కటే. దాన్ని చదివింది మా మ్యూజియం పండితుడు, మాస్టారు. రెండు ముక్కలుగా పడున్నదాన్ని ఒకటిగా అతికింది నేను. ఇరవై ఆరేళ్ల కిందటి మాట. నేనప్పుడు రోజుకూలీని. ఆ పలకతోనే నాకు ఉద్యోగం ఖాయమైంది, మ్యూజియంలో 'అతుకుల మేస్త్రీ' అన్న పేరూ స్థిరపడింది.

రెండు ముక్కలూ తలుపూ గడియలా కూర్చున్నాయి. నాకు బాగా గుర్తు. ఇంతకన్నా రాయడానికేమీ లేదు.

జూన్ 10, సోమవారం

సాయంత్రం మాస్టారిని చూడటానికి వెళ్లాను. మంచం కిటికీ పక్కకి మార్పించుకున్నారు. ఎనభై మూడేళ్ల మనిషి, ఊపిరి తీసుకోవడానికి కూడా కష్టపడుతున్నారు, కానీ నిఘంటువు చివరి సంపుటం మాటెత్తితే లేచి కూర్చుంటారు. ఈ నెలాఖరుకి అచ్చుకి పోతుంది. ఆయన తర్వాత ఆ పని చూస్తున్నది ఆయన కూతురే.

"ఏరా, 'ఉఖు' పేజీ ప్రూఫు వచ్చిందా?"

"ఇంకా రాలేదు సర్."

ఉఖు అంటే మాట. ఆ పదానికి అర్థం తేలింది 214 వల్లే. దాన్ని పట్టుకుని మిగతా పలకల్లో మూడొందల పన్నెండు చోట్ల చదివాం.

"ఎముకలు దొరుకుతాయిరా, రాతి గొడ్డళ్లు దొరుకుతాయి. గొంతు దొరకదు. గాలి కదా," అన్నారు. "పిట్టల్ని అనుకరిస్తూ పుట్టిందంటాడొకడు. బరువులు లాగేటప్పుడు వేసే కేకల్లోంచి పుట్టిందంటాడు ఇంకోడు. మట్టి మీద గీసుకోవడం మొదలెట్టేసరికే మాటకి ముసలితనం వచ్చేసింది. దాని పసితనం ఎవడు చూశాడు? ఆ ముక్కలు నా చేతికి రాకపోతే నేనూ అందరిలాగే గాల్లో మేడలు కట్టేవాణ్ణి."

నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. చల్లగా ఉన్నాయి.

జూన్ 12

ఆ ఉత్తరాలమ్మాయి మళ్లీ రాసింది. ఈసారి ఫొటో జత చేసింది. వాళ్ల గోదాములో ఏళ్లుగా పడున్న ఎడమ ముక్క అట. తొమ్మిది వరుసలు. కొలతలు కూడా రాసింది. మా 214 కుడి ముక్క పక్కన ఇది సరిపోతుందేమోనని తన అనుమానమట, పొరబడితే క్షమించాలట. ఎక్కడా ఒక్క పొల్లు మాట లేదు. అదే భయంగా ఉంది.

జూన్ 13

ఆ ఫొటోని అసలు కొలతకి అచ్చు తీయించి, కత్తిరించి, మా ఎడమ ముక్క మీద కప్పి, కుడి ముక్క అంచుకి ఆనించి చూశాను. సరిపోలేదు.

జూన్ 14

సరిపోలేదని నిన్న రాశాను. సరిపోయింది.

జూన్ 17, సోమవారం

నా కోసం నేను రాసుకునే పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను. దీన్ని నా పెట్టెలోంచి తీసి చదివేవాళ్లెవరూ లేరు. మరి ఎవరికి భయపడి?

తలుపూ గడియలా కూర్చోలేదు. ఇరవై ఆరేళ్ల కిందట, ఆ శుక్రవారం పైఊళ్ల పండితులు వస్తున్నారు. మాస్టారు నెల రోజులుగా ఆ రెండు ముక్కల చుట్టూ తిరుగుతున్నారు. ఎడమ ముక్కలో 'దేవుడు', 'మనిషి' ఉన్నాయి. కుడి ముక్కలో 'నోరు', 'ఉఖు', 'పేరు' ఉన్నాయి. "కలుస్తాయిరా, నా ప్రాణం చెబుతోంది," అనేవారు. ఎనిమిది వరుసలు కలిసినట్టే ఉన్నాయి. మూడో వరుస దగ్గర కుడి ముక్క అంచు కొంచెం పొడుచుకొచ్చి అడ్డం పడుతోంది. ఆయన భోజనానికి వెళ్లిన అరగంటలో నేను బ్లేడుతో దాన్ని గీకాను. శనగగింజంత. పొడి కాగితంలోకి ఎత్తి బయట పారబోశాను. జిగురు పెట్టి నొక్కిపట్టుకుని కూర్చున్నాను.

ఆయన వచ్చి చూశారు. వంగి నా తల మీద ముద్దు పెట్టుకున్నారు. మా నాన్న కూడా నన్నెప్పుడూ అలా దగ్గరికి తీసుకోలేదు.

అప్పటికి నాకు ఆ లిపి చదవడం అంతంతమాత్రం. ఆ అంచులో ఏముందో నాకెలా తెలుస్తుంది?

జూన్ 18

మా ఆవిడకి చెప్పాను. పిల్లల నోట్సులు దిద్దుకుంటోంది. మూడో తరగతి. 'మాట పుట్టిన కథ' పాఠం కింద పిల్లలు బొమ్మలు వేశారు. ఒకదాంట్లో దేవుడు పళ్ల డాక్టరులా మనిషి నోట్లోకి తొంగి చూస్తున్నాడు.

నేను చెబుతున్నంతసేపూ ఎర్రసిరా కలం మూత తీస్తూ పెడుతూ విన్నది.

"ఎంత గీకారు?"

"శనగగింజంత."

"అంతేనా," అంది. తేలికపడిందేమోననుకున్నాను. కలం పక్కన పెట్టి, "పదహారేళ్లుగా ఆ పాఠం చెబుతున్నానండీ. చెప్పినప్పుడల్లా, ఇది మా ఆయన అతికిన పలకర్రా అని గొప్పలు పోతాను," అంది.

మళ్లీ నోట్సులు ముందుకు లాక్కుంది. ఆ పేజీకి మార్కులు వేయకుండా తిప్పేసింది.

జూన్ 20, గురువారం

మాస్టారమ్మాయి గదికి వెళ్లి తలుపు వేశాను. అతుకు తప్పేమోనని అనుమానంగా ఉందనీ, పక్క మ్యూజియంలో అసలు జోడీ దొరికినట్టుందనీ చెప్పాను. బ్లేడు సంగతి చెప్పలేదు. పొరపాటు అన్నాను. అది కూడా నిజమే.

ఆమె కళ్లజోడు తీసి చీర చెంగుతో చాలాసేపు తుడుచుకుంది.

"అన్నయ్యా, నాన్నకి డాక్టరు రెండు నెలలన్నాడు. మీకు తెలుసు కదా."

"తెలుసమ్మా."

"పుస్తకం ఆయన కళ్ల ముందు రానీండి. చేత్తో తడుముకోనీండి. ఆ తర్వాత సవరణ వేద్దాం. ఎవరు కాదంటారు?"

"అచ్చులో తప్పు వెళుతుంది."

"వెళ్లనీండి. మూడు వేల ఏళ్లు ఆగినవాళ్లు మూడు నెలలు ఆగలేరా?"

బయటికొచ్చి మెట్ల మీద నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. నా నోటికి తాళం వేసింది ఇంకొకరు, నేను కాదు. ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది.

జూన్ 22

ప్రూఫు వచ్చింది. ఉఖు: నామవాచకం. మాట, పలుకు, వాక్కు. అచ్చుతప్పులేమీ లేవు.

జూన్ 25, మంగళవారం

ఆ అమ్మాయి స్వయంగా వచ్చింది. అతుకు విడదీసి చూడటానికి రెండు మ్యూజియంల పెద్దల దగ్గరా అనుమతి తెచ్చుకుంది. ముప్పై ఏళ్లుంటాయి. దూదిలో పొదిగిన ముక్కని అట్టపెట్టెలో పెట్టుకుని, బస్సులో వచ్చినంతసేపూ ఒళ్లోంచి దించలేదట.

నేనే జిగురు కరిగించాను. అన్నేళ్ల జిగురు పది నిమిషాల్లో వదిలేసింది. మా ఎడమ ముక్క పక్కకి జరిగింది. ఏదో స్తోత్రం తాలూకు ముక్క, ఇక దానికి తోడు లేదు. ఆమె ముక్క ఆ చోట పెట్టింది. తొమ్మిది వరుసల్లో ఎనిమిది గాలి చొరబడకుండా కూర్చున్నాయి. మూడో వరుస దగ్గర మాత్రం చిన్న ఖాళీ.

ఆమె మొహంలో గెలిచిన సంతోషమేమీ లేదు.

"నేను మూడో తరగతిలో చదువుకున్నాను సర్ ఆ కథ. అది చదివే ఈ చదువుకొచ్చాను. తప్పని తేల్చడానికి రాలేదు. తప్పు కాకూడదని వచ్చాను."

నేను టీ తెస్తానని బయటికెళ్లాను. నిజానికి మొహం కడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి ఆమె భూతద్దం పట్టుకుని మూడో వరుస మీదికి వంగి ఉంది.

"ఈ గీతలేంటి సర్? ఇక్కడ ఏదో గుర్తు సగం ఉండాలి. మా ముక్కలో రెండో సగం ఉంది."

"తవ్వేటప్పుడు గునపం తగిలుంటుంది," అన్నాను.

ఎండలో చెమటోడ్చి ఆ పలకల్ని పగలకుండా తీసిన కూలీల మీదికి తోసేశాను. వాళ్లందరూ పోయారు. వచ్చి కాదనరు.

జూన్ 26, బుధవారం

ఆమె మాస్టారిని చూసి, చెప్పాల్సింది తనే చెప్పి వెళతానంది. వద్దనడానికి మాస్టారమ్మాయికి కారణం దొరకలేదు. పలకని తీసుకుని ముగ్గురం వెళ్లాం.

కళ్లు సరిగా ఆనకపోవడంతో ఆయన బొటనవేలితో చదువుతారు. పలకని గుండెల మీద పెట్టుకుని ఒక్కో గుర్తూ తడుముతూ, పైకే చదివారు. కొండ భాషలో జరిగినదానికీ జరగాల్సినదానికీ క్రియ ఒకటే. అందుకే అదే నోరు, అదే పేరు, ఇప్పుడు ఇంకో రకంగా పలికాయి.

"గొంతు పూడుకుపోతే... తల్లి నోరు తెరిపించాలి. వేడినీళ్లలో తేనె. ఉఖు బయటికి వస్తుంది. నిద్రపోనివ్వకుండా పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి."

ఉఖు అంటే దగ్గు. ఉఖు, ఉఖు. ఇరవై ఆరేళ్లు ఆ పదాన్ని నోట్లో పెట్టుకుని తిరిగాం, అది దగ్గుతున్న చప్పుడని మాలో ఒక్కడికీ తట్టలేదు.

ఆయన మొహం పాలిపోయింది. వేలు మాత్రం ఆగలేదు, వెనక్కి వెళ్లి మూడో వరుస దగ్గర నిలిచింది. అటూ ఇటూ రాసింది.

"ఇక్కడెవరో గీకారు. బ్లేడు. పక్కన ముక్క ఇరికించడానికి గీకారు." చూపు ఆనని ఆ కళ్లు నా వైపు తిరిగాయి. "నిన్న దీని దగ్గర ఈ పిల్లని ఒంటరిగా వదిలావా?"

"టీకి వెళ్లాను సర్. పది నిమిషాలు."

"చాలు పది నిమిషాలు."

"సర్, నేనా? నేనెందుకు..." ఆ అమ్మాయి గొంతు పూడుకుపోయింది.

"పేరు కోసం! ఇన్నేళ్లలో ఆ పలక మీద చెయ్యి వేసింది వీడొక్కడే. వీడు నా చెయ్యి. నా చెయ్యి దొంగపని చేయదు."

ఆమె నా వైపు చూసింది. సాయం అడుగుతున్న చూపు కాదు. అర్థమైపోయిన చూపు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఎదురు మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు.

జూన్ 27

వాళ్ల మ్యూజియంకి ఫిర్యాదు ఉత్తరం తయారైంది. మాస్టారు చెబితే కూతురు రాసింది. కింద నా సాక్ష్యం: 'ఆమె పలక దగ్గర పది నిమిషాలు ఒంటరిగా ఉన్నది.' సంతకం పెట్టాను. అందులో ప్రతి అక్షరం నిజమే కదా.

జూన్ 28, శుక్రవారం

"సంతకం పెట్టారా?" అని అడిగింది ఆవిడ.

"ఒంటరిగా ఉన్నమాట నిజమే."

"ఆ పిల్ల వయసెంత?"

"ముప్పై ఉంటాయి."

"మీరు గీకినప్పుడు మీకెంత?"

ముప్పై ఒకటి.

"ఏమండీ, మీరు తప్పు చేశారని విన్నప్పుడు నాకు బాధేసింది. ఇప్పుడు భయమేస్తోంది. రేపు ఇంకేదైనా వస్తే నా వెనక కూడా ఇలాగే నిలబడి కిటికీలోంచి చూస్తారా?"

సంచీ తీసుకుని బడికి వెళ్లిపోయింది. నేను పనికి వెళ్లలేదు. గోడకి ఆనుకుని నేల మీదే కూర్చున్నాను. గోడ చల్లగా ఉంది.

జూన్ 29, శనివారం

పొద్దున్నే వెళ్లాను. ఫిర్యాదు గురువారమే పోస్టులో పడిందట. మాస్టారమ్మాయిని కూడా గదిలోకి రమ్మన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"సర్, గీకింది నేను. ఆ అమ్మాయి కాదు. పండితులొచ్చిన ఆ వారం, మీరు భోజనానికి వెళ్లినప్పుడు."

తిడతారనుకున్నాను. తిట్టలేదు, అడిగారు.

"ఆ మూల ఏముంది?"

"సగం గుర్తు సర్."

"ఏ గుర్తు?"

"బిడ్డ."

"అప్పటికి నీకు చదవడం వచ్చా?"

రాదని చెప్పొచ్చు. ఈ పుస్తకంలో కూడా అలాగే రాసుకున్నాను. ఆయన నమ్మేవారు. నమ్మాలనే అడుగుతున్నారని కూడా తెలుస్తోంది.

"వచ్చు సర్. మీరే నేర్పారు."

ఆయన మెల్లగా గోడ వైపు తిరిగి పడుకున్నారు. దుప్పటి భుజం మీదికి లాక్కోబోతే చెయ్యి అందలేదు. నేను ముందుకు వెళ్లబోయాను. కూతురు నన్ను ఆపి, తనే కప్పింది.

జూలై 1, సోమవారం

వాళ్ల మ్యూజియంకి నా వాంగ్మూలం పంపాను. మా పెద్దాఫీసరుకి ఒక నకలు ఇచ్చాను. పలకల గది తాళంచెవి తీసుకున్నారు. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. అచ్చు ఆపేశారు.

జూలై 4

ఆ అమ్మాయిని మూడు రోజులు ఇంట్లో కూర్చోబెట్టారట. తర్వాత పిలిపించారట. నాకు కార్డు రాసింది. 'మీ ఉత్తరం అందింది.' అంతే. కింద సంతకం.

జూలై 6

రోజంతా ఇంట్లోనే.

జూలై 9, మంగళవారం

మాస్టారి ఇంటి నుంచి కబురొచ్చింది. తలుపు తీసింది ఆయన కూతురే. ఇదివరకులా అన్నయ్యా అనలేదు. "రండి" అంది.

ఆయన బాగా చిక్కిపోయారు. మంచం పక్కన పలకల మీది రాతకి నేను తీసిన పాత నకళ్ల కట్టలు పేర్చి ఉన్నాయి. మూడొందల పన్నెండు చోట్ల ఉఖు మళ్లీ చదవాలి. ఏ పలకలో ఏ వరుస ఎంత చెరిగిందో గుర్తున్నది నాకొక్కడికే.

"కూర్చోండి," అన్నారు మాస్టారు. "మొదటిది చదవండి."

నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆ 'అండి' నాకే. ముప్పై ఏళ్లలో ఆయన నన్ను ఏరా, ఒరేయ్ తప్ప ఇంకోలా పిలవలేదు. కొట్టినా ఇంత దెబ్బ తగిలేది కాదు.

చదివాను. ఆయన అర్థం చెప్పారు. కూతురు రాసుకుంది. "తర్వాతది చదవండి." ఇరవై రెండు అయ్యాక, "ఇవాళ్టికి చాలు," అని కళ్లు మూసుకున్నారు.

జూలై 10

పద్ధెనిమిది.

జూలై 11

పదకొండు. మధ్యలో ఊపిరి అందలేదు.

జూలై 15, సోమవారం

మా ఇద్దరి మధ్యా మిగిలింది చచ్చిపోయిన భాష ఒక్కటే. నేను వరుస చదువుతాను, ఆయన అర్థం చెబుతారు. మంచినీళ్లు కావాలంటే కూతురిని అడుగుతారు. ఒకసారి ఆమె వంటింట్లో ఉంది, ఆయన పెదవులు ఎండిపోతున్నాయి. నేను గ్లాసు అందించబోయాను. ఆమె వచ్చేదాకా అలాగే ఉండిపోయారు.

ఇంటికి నడిచొస్తూ, మాట పుట్టకముందు మనుషులు ఎలా ఉండేవారో అని ఆలోచించాను. ఒకే మంట చుట్టూ కూర్చుని, ఒకరి మనసులో ఏముందో ఇంకొకరికి తెలియక. అంత పాతకాలానికి పోనక్కర్లేదు. ఆ గదిలోకి వెళితే చాలు.

ఆవిడ ఇవాళ నాతో పాటు కూర్చుని అన్నం తింది.

జూలై 19, శుక్రవారం

నూట డెబ్భై ఆరోది చదివాను. పాత అచ్చులో దాని అర్థం: 'రాజు మాట విని కాపలాదార్లు లేచి నిలబడ్డారు.' రాజుల అధికారం గురించి మాస్టారు దాని మీద ఏకంగా ఒక వ్యాసమే రాశారు.

నేను చదవడం పూర్తిచేశాక ఆయన ఛాతీ కదిలింది. ఊపిరాడటం లేదేమోనని కూతురు లేచింది. కాదు, నవ్వుతున్నారు.

"రాజు దగ్గాడు, కాపలాదార్లు లేచి నిలబడ్డారు," అన్నారు. "కునుకు తీస్తున్నారన్నమాట వెధవలు! మనం చదివినదానికన్నా ఇదే నిజంలా ఉందిరా."

నేను తల వంచుకున్నాను. ఎత్తితే ఆ 'రా' ఎక్కడ జారిపోతుందోనని. కూతురు రాయడం ఆపేసింది. ఆయనకీ తెలిసింది. నవ్వు ఆగిపోయింది.

"తర్వాతది చదవండి," అన్నారు.

జూలై 23

నూట తొంభై నాలుగు దగ్గర ఆపాం. రేపు మిగతావి అన్నారు.

జూలై 24

పొద్దున ఆరింటికి పోయారు.

జూలై 26, శుక్రవారం

నిన్న అంత్యక్రియలయ్యాయి. వెనక వరుసలో నిలబడ్డాను. ఎవరూ పొమ్మనలేదు. తెలిసినవాళ్లు కొందరు పలకరించబోయి, సంగతి గుర్తొచ్చి, పక్కవాళ్లతో మాటల్లో పడ్డారు. ఉత్తరాలమ్మాయి వచ్చింది. మిగిలిన నూట పద్ధెనిమిదీ తను చూస్తానని మాస్టారమ్మాయితో అంటుంటే విన్నాను. మంచిదే.

నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే వచ్చింది.

ఆగస్టు 5, సోమవారం

మాస్టారమ్మాయి ఆఫీసుకి పిలిచింది. సంపుటం అచ్చుకి వెళుతోంది. 214 గురించి వేసే సవరణ చూసి సంతకం చేయాలట. కాగితం నా ముందుకు జరిపింది.

'సదరు పలకను తప్పుగా అతికించడం జరిగింది. ఆ క్రమంలో కుడి ముక్క అంచును గీకడం జరిగింది.'

"ఇలా అయితే మీ విచారణకి కూడా ఇబ్బంది ఉండదన్నారు పెద్దాఫీసరుగారు," అంది నా మొహం చూడకుండా. "నాన్న ఉంటే ఏమనేవారో నాకు తెలియదు. మీ ఇష్టం."

జరిగింది. వర్షం కురిసినట్టు, గోడ కూలినట్టు. మనిషి లేకుండానే పని అయిపోయే వాక్యం. కలం అడిగాను. రెండు చోట్లా కొట్టేసి పైన రాశాను. 'అతికించాను.' 'గీకాను.' తర్వాత ఇంకో రెండు వాక్యాలు చేర్చాను: 'ఆ అంచు మీద బిడ్డ అన్న గుర్తు సగం ఉండేది. అది నాకు తెలుసు.' కింద నా పేరు.

ఆమె చదువుకుంది. రెండోసారి కూడా చదివింది. సొరుగు లాగి ఆ కాగితాన్ని ప్రూఫుల మధ్య పెట్టింది.

"నాన్న మిమ్మల్ని క్షమించలేదు," అంది.

"తెలుసమ్మా."

"నేను కూడా."

మెట్లు దిగి వచ్చేశాను.

ఆగస్టు 30, శుక్రవారం

పుస్తకం వచ్చింది. సవరణ చివరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. భూతద్దం లేకుండా ఎవరూ చదవలేరు, ఉన్నా చదవరు. ఉద్యోగం పోయినట్టు నిన్ననే కాగితం అందింది.

ఆవిడ బడి నుంచి ఇంకా రాలేదు. పుస్తకాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని ఆ నాలుగు వాక్యాలూ పైకి చదివాను. మొదటిసారి గొంతు పెగల్లేదు. నీళ్లు తాగి మళ్లీ చదివాను.